మా పిల్లకు డిప్రెషన్ లేదు

గద్వాలలో డిప్రెషన్ రాని మనిషి లేడు. నమ్మకపోతే విజయమ్మ వాళ్ళ వీధిలో ఒక్క పూట నిలబడి చూడండి. ఎదురింటి ఉమేష్ తన క్రికెట్ టీము ఓడిపోయిందని పొద్దున్నే అరుగు మీద గడ్డం కింద చెయ్యి పెట్టుకుని కూర్చుంటాడు. ఏమైందిరా అంటే "డిప్రెషన్‌ల ఉన్న పెద్దమ్మా, జర మాట్లాడియ్యకు" అంటాడు. అరగంట తిరక్కుండానే రెండు ప్లేట్ల ఉప్మా లాగించి ఈల వేసుకుంటూ పోతాడు. జాకెట్లు కుట్టే స్రవంతి మెడ వేలెడు ఎక్కువ కత్తిరించేసి, "నాకు డిప్రెషన్ వచ్చిందక్కా, నీ జాకెట్ రేపిస్త" అంటుంది. మూలమీద ఇస్మాయిల్ చాయ్ దుకాణంలో ఏకంగా బోర్డే రాయించారు, డిప్రెషన్‌కు మా అల్లం చాయే మందు అని. అంతెందుకు, విజయమ్మ మొగుడు ఆశన్న నలభై ఏళ్ళుగా మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని కూర్చున్న మనిషి. లోకం తలకిందులైనా నేత మీది నుంచి కళ్ళెత్తడు. అలాంటివాడు కూడా మొన్న ఎండలో కరెంటు పోయి ఫ్యాను ఆగితే "థూ, డిప్రెషన్" అన్నాడు. విజయమ్మ పడీ పడీ నవ్వింది.

అంత చవకైన మాట అది. కాకపోతే చవక ఎంతసేపూ, ఎవరి నోట వాళ్ళు అనుకున్నంతసేపే. అదే మాట డాక్టరు కాగితం మీదికి ఎక్కిందా, ఇక అంతే సంగతులు. వెనక వీధి బక్కయ్య బిడ్డను కొత్తకోటకు ఇచ్చారు. రెండేళ్ళు బాగానే కాపురం చేసింది. ఒకరోజు ఆమె సంచిలో ఏవో మాత్రలూ చీటీ అత్తకు దొరికాయి. చీటీ మీద ఏం రాశారని మెడికల్ షాపువాడిని అడిగితే ఆ కుర్రాడు ఉన్నది చెప్పాడు. సాయంత్రానికల్లా ఆ పిల్లను ఆటోలో తెచ్చి బక్కయ్య గడపలో దింపి, "పిచ్చిపిల్లను అంటగడ్తరా మాకు" అని నలుగురూ వినేలా అరిచి వెళ్ళిపోయారు. ఆ తర్వాత బక్కయ్య ఏ పెళ్ళిలోనూ కనబడలేదు. ఆ అరుపులు విజయమ్మ తన చెవులారా విన్నది. ఆరోజు నుంచి ఆ మాటను ఇంట్లో సరదాకు తప్ప వాడకూడదని గట్టిగా అనుకుంది.

విజయమ్మ కూతురు మానస. మూడేళ్ళ కింద వనపర్తికి కోడలుగా వెళ్ళింది. అల్లుడు నరేందర్ అక్కడే మొబైల్ దుకాణంలో పనిచేస్తాడు, పిలిస్తే పలికే పిల్లాడు. వియ్యపురాలు తిమ్మమ్మతోనే విజయమ్మకు పేచీ. పేచీ అంటే ఆమె ఏనాడూ ఏమీ అనలేదు, అదే పేచీ. పెళ్ళిలో అనలేదు, పండగ పెట్టుపోతల్లో అనలేదు, పిల్ల కడుపుతో ఉందని తెలిసినప్పుడు కూడా "మంచిది" అని ఊరుకుంది. తిట్టే అత్తనైనా భరించవచ్చుగానీ నోరు విప్పని అత్తను ఎట్లా భరించాలమ్మా అని విజయమ్మ బాధ. ఆ ముఖం వెనక ఏం వండుతోందో తెలియక మూడేళ్ళుగా ఆమె ముందు కాలు కాలిన పిల్లిలా తిరుగుతుంది.

తొలి కాన్పు కాబట్టి మానస పుట్టింటికి వచ్చింది. పండులాంటి ఆడపిల్ల, మూడు కిలోలు. వీధంతా వచ్చి చూసి దిష్టి తీసి వెళ్ళింది. విజయమ్మ తన తల్లి తనకు చేసినట్టే అన్నీ చేసింది. చెవుల్లో దూది పెట్టింది, తలకు గుడ్డ కట్టింది, నిప్పుల కుంపటి పెట్టింది, తలుపు దగ్గర చీపురు, గుమ్మానికి వేపమండలు, దిండు కింద కొడవలి. బాలింత దగ్గర ఇనుము లేకపోతే గాలీధూళీ సోకుతుందంటారు కదా. ఆ కొడవలిని తానే రాయి మీద తోమి, పసుపు రాసి మరీ పెట్టింది.

వారం తిరిగేసరికి మానసలో ఏదో తేడా కనబడింది. పాప ఏడుస్తుంటే గోడ వైపు చూస్తుంది. అందిస్తే పాలిస్తుంది, అందించకపోతే అడగదు. రాత్రీ పగలూ కళ్ళు తెరుచుకునే ఉంటాయి. ఒక మధ్యాహ్నం విజయమ్మ పోగులు అతుకుతుంటే వచ్చి పక్కన కూర్చుంది. గద్వాల చీరకు ఒళ్ళంతా నూలు, కొంగు పట్టు. కొంగు మొదలెట్టాలంటే నూలు పోగులకు పట్టు పోగులను ఒక్కొక్కటీ చేత్తో కలపాలి, వేలల్లో ఉంటాయి. మానస పదేళ్ళప్పటి నుంచీ ఈ పనిలో తల్లిని మించింది. బడి నుంచి వచ్చి, పాటలు పాడుకుంటూ, చూడకుండానే అతికేది. అలాంటి పిల్ల ఆరోజు ఒక నూలు పోగు, ఒక పట్టు పోగు రెండు వేళ్ళ మధ్య పట్టుకుని అరగంట అలాగే కూర్చుంది.  నిద్ర చాలక అనుకుని విజయమ్మ ఆ రెండు పోగులనూ కూతురి వేళ్ళలోంచి మెల్లగా తీసుకుంది.

పధ్నాలుగో రోజున ఆశ కార్యకర్త పావని వచ్చింది. పాపను తూకం వేసి, బొడ్డు చూసి, తర్వాత సంచిలోంచి కాగితం తీసి మానస పక్కన కూర్చుంది. "మానసా, మనసుల ఎట్ల అనిపిస్తుందే?"

"బాలింతకు మనసేంది? కడుపు మంచిగుండాలె, పాలు పడాలె" అన్నది విజయమ్మ. "మాట్లాడియ్యకు పావనీ, వాతం జేస్తది."

"నేను మానసను అడుగుతున్ననక్కా. జర చెవులల్ల దూది తీయి, ఇనబడాలె గద."

మానసే దూది తీసింది. "నాకేం అనిపిస్తలేదక్కా" అన్నది.

"ఏడుపు వస్తుందా?"

"ఏడుపు గూడ వస్తలేదు."

"ఏడుపు రాకుంటె సంబురమే గదనే!" అని విజయమ్మ నవ్వబోయింది. పావని నవ్వలేదు. కలం పట్టుకుని కొంచెంసేపు మానస ముఖంలోకి చూసింది.

"అక్కా, ఇది డిప్రెషన్ అయితదేమో. మన పెద్ద దవాఖానల డాక్టరమ్మ ఉంది. ఒకసారి తోల్కపోదం."

"ఓసి పిచ్చిదానా, గదెవలకు లేదే? మా ఎదురింటి ఉమేష్‌గానికి గూడ ఉంది. అల్లం చాయ్ పోపిస్తలే" అంటూ విజయమ్మ చేతులు తిప్పింది. అంతలోనే పావని కలం కాగితం మీద కదలడం చూసింది. చూసీ చూడగానే ఆమె నవ్వు ముఖం మీదే ఎండిపోయింది. "ఏంది రాస్తున్నవ్? గా మాట రాస్తున్నవా?"

"రాయాల్నక్కా, రూలు."

"నీ రూలు బండలుగాను! కొట్టెయ్ ముందు. మా పిల్లకు డిప్రెషన్ లేదు. దాని కాపురం కూల్చడానికొచ్చినవా? బక్కయ్య బిడ్డ ఏమైందో నీకెర్కలేదా? కొట్టేసినంకనే లేవాలె నువ్వీడికెల్లి."

కొట్టేయడానికి పావని ఇంకా ఆ మాట రాయనే లేదు. గడి ఖాళీగా వదిలేసి కాగితం మడిచింది. వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగి, "మానసను ఒక్కదాన్ని ఉంచకక్కా" అన్నది. విజయమ్మకు ఒళ్ళు మండి తలుపు వేసేసుకుంది.

ఇరవయ్యో రోజు. మర్నాడే తొట్టెల, పాపకు పేరు పెట్టి ఉయ్యాలలో వేసే రోజు. వనపర్తి నుంచి వియ్యపురాలూ అల్లుడూ వస్తారు. విజయమ్మ ఇల్లంతా కడిగి, బియ్యం ఏరి, లడ్డూలు చుట్టించి, మధ్యాహ్నం కాస్త తీరిక చిక్కితే ముందుగదిలో పోగుల దగ్గర కూర్చుంది. ఆశన్న మగ్గం మీద ఉన్నాడు. టకటకమని మగ్గం చప్పుడు, లోపలి గదిలో పాప ఏడుపు. ఏడుపు ఆగింది. పడుకుంది కాబోలు అనుకుని విజయమ్మ ఇంకో పోగు అందుకుంది.

మానస వచ్చి ఎదురుగా నిలబడింది. తలకు గుడ్డ, చెవుల్లో దూది. వంగి తల్లి ఒళ్ళో, ఆ పట్టు పోగుల మీద కొడవలి పెట్టింది.

"దీన్ని తీసెయ్యమ్మా" అన్నది. ఉప్పు అందుకోమన్నట్టే అన్నది. "నా చెయ్యి ఊకె దీని మీదికే పోతుంది. పాపను నా పక్కన పండబెట్టకు. నేను ఏమన్న చేస్తనేమో. నాకు భయమైతుంది."

మగ్గం చప్పుడు ఆగిపోయింది. విజయమ్మకు మొదట ఆ మాటలేమీ అర్థం కాలేదు. కొడవలి మీద తాను రాసిన పసుపు కనబడింది. అప్పుడు అర్థమైంది. ఒళ్ళోది కింద పడేసి, పోగులు తెగుతున్నాయని కూడా చూడకుండా లోపలికి ఉరికింది. పాప గుప్పిళ్ళు బిగించి నిద్రపోతోంది. ముట్టుకుంది. వెచ్చగా ఉంది. కాళ్ళు, చేతులు, పొట్ట, మెడ, అన్నీ తడిమింది. పాప ఉలిక్కిపడి ఏడుపు అందుకుంటే విజయమ్మ కూలబడి ఆ పసిదాన్ని రొమ్ముకు అదుముకుంది.

తిరిగి వచ్చేసరికి మానస అక్కడే నిలబడి ఉంది. ఆశన్న మగ్గం గుంటలోంచి పైకి వచ్చి కూతురి రెండు చేతులూ పట్టుకున్నాడు.  "పావనిని పిలువు. ఇప్పుడే దవాఖానకు పోదం" అన్నాడు.

"రేపు తొట్టెల పెట్టుకొని ఇయ్యాల యాడికి పోతమయ్యా? గద్వాల మొత్తం మనోళ్ళే. ఎవలో ఒకలు చూస్తరు. వనపర్తిదాక పోతది మాట."

"పోతే పోనియ్."

"పోతే పిల్లను తోల్కపోతరా వాళ్ళు? బక్కయ్య ఇంట్ల ఉన్నట్టు మనింట్ల కూసుంటది, జిందగీ మొత్తం. తొట్టెల కానియ్. ఎల్లుండి తోల్కపోదం. రెండు దినాలు నేను కన్ను మూయను, నీ మీదొట్టు."

"విజయా, అది కొడవలి తెచ్చి నీ చేతికిచ్చిందే!" ఆశన్న గొంతు చించుకున్నాడు. పాతికేళ్ళ కాపురంలో అతను అరవడం అదే మొదలు. "ఇయ్యకపోయుంటే?"

 విజయమ్మ అప్పటికీ పంతం విడవలేదు, భయం అలాంటిది. ఇంట్లో ఉన్న ఇనుమంతా, కొడవలి, కత్తిపీట, చివరికి ఆశన్న గడ్డం గీసుకునే బ్లేడుతో సహా మూటగట్టి అటక మీద పెట్టింది. పాపను తన చీరకొంగుకే కట్టుకున్నట్టు తెల్లవారేదాకా ఒళ్ళోనే ఉంచుకుంది.

మర్నాడు వనపర్తి బస్సు దిగి వాళ్ళు వచ్చారు. నరేందర్ చేతిలో పాపకు గౌన్లూ, వెండి మొలతాడూ. తిమ్మమ్మ ఎప్పటిలాగే బూడిదరంగు చీర, ఎప్పటిలాగే మాట లేదు. నీళ్ళిస్తే తాగింది, కుర్చీ వేస్తే కూర్చుంది. కోడలిని చూసి "మంచిగున్నవా" అన్నది. మానస తలూపింది. ఆమె కోడలి ముఖంలోకి కాస్త ఎక్కువసేపే చూసిందని విజయమ్మకు అనిపించింది. 

పదకొండు గంటలకు ముందుగది ఆడవాళ్ళతో నిండింది. స్రవంతి వచ్చింది, ఉమేష్ తల్లి వచ్చింది, పిలవకపోయినా పావని వచ్చి గోడవార కూర్చుంది. తొట్టెలకు పూలు కట్టారు, పాటలు అందుకున్నారు. వాళ్ళలో ఒక ఆచారం ఉంది. పాపను ముందు తల్లి ఎత్తుకుని, తొట్టెల కింద నుంచి అవతలి వైపున్న అత్తకు అందించాలి. అట్లా మూడుసార్లు. ఆ తర్వాతే పేరు. విజయమ్మ పాపను తెచ్చి మానస ముందు పట్టుకుంది.

మానస చేతులు ఒళ్ళోంచి లేవలేదు.

"తీసుకో బిడ్డా" అన్నది విజయమ్మ నవ్వుముఖం పెట్టి. పాట సాగుతోంది. "తీసుకోవే మానసా, అందరు సూస్తున్నరు."

"నేను ఎత్తుకోను. పడేస్త" అన్నది మానస.

పాట ఎక్కడిదక్కడ ఆగిపోయింది.  ఉమేష్ తల్లి నోటి మీద చెయ్యి వేసుకుంది. వెనక నుంచి ఎవరో "అయ్యో రామా, ఏమైందే పిల్లకు" అన్నారు. విజయమ్మ పాపను పట్టుకుని నిలబడే ఉంది. నిద్ర లేదు, నీరసం, వేడి చేసింది, ఇలా ఏదో ఒకటి అందామని నోరు తెరిచింది.  కళ్ళముందు బక్కయ్య గడప కనబడింది, ఆటో కనబడింది.

తిమ్మమ్మ లేచింది. వచ్చి విజయమ్మ చేతుల్లోంచి పాపను తీసుకుని భుజాన వేసుకుంది. గదంతా ఒకసారి చూసి, "పాటలు సాలు. అందరు బయట కూసోండ్రి, అన్నాలు పెడ్తరు" అన్నది. మూడేళ్ళలో ఆమె నోట అంత పెద్ద మాట విజయమ్మ వినలేదు. తర్వాత మానస చెయ్యి పట్టుకుని లోపలిగదిలోకి నడిచింది. పావని లేచి వాళ్ళ వెనక వెళ్ళింది. విజయమ్మ కూడా లోపలికి వెళ్ళి తలుపు మూసింది. అయిపోయింది, ఇక తిట్లే, ఇక ఆటోనే అనుకుంది.

"చెప్పు వదినె" అన్నది తిమ్మమ్మ. "పిల్లకు ఏమైంది?"

కట్ట తెగింది. విజయమ్మ ఏడుస్తూ నేల మీద కూలబడి అంతా చెప్పేసింది. గోడ వైపు చూడటం, నిద్ర లేకపోవడం, ఏమీ అనిపించడం లేదనడం, కొడవలి, అన్నీ. దాచాలనుకున్నదే ముందు బయటికి వచ్చింది. "మీ కాళ్ళు మొక్కుత వదినె, నా బిడ్డ పిచ్చిది కాదు. ఇడిచిపెట్టకుండ్రి. డిప్రెషన్ అంట. పావని మొన్ననే చెప్పింది, నేనే రాయనియ్యలే."

"డిప్రెషనా? మా నరేందర్ గూడ అంటడు, ఫోను అద్దం పగిలితే."

"గది గాదమ్మా" అన్నది పావని. "గది ఊకె అనే మాట. ఇది నిజం జబ్బు. కాన్పయినంక కొందరికొస్తది, పదిమందిల ఒకలికో ఇద్దరికో. నిద్ర పట్టదు, పిల్ల మీద పానం పోదు. బాధ గూడ తెల్వదు. పిల్లనేమన్న చేస్తనేమోనని లోపల్లోపల సస్తుంటరు. తల్లి చెడ్డదై గాదు. పిచ్చి గాదు. జ్వరమొచ్చినట్టు, రక్తం తగ్గినట్టు, గిది గూడ వస్తది."

"మందుందా?"

"ఉందమ్మా. మాత్రలుంటయి, డాక్టరమ్మ మాట్లాడతది, మనిషి పక్కకు ఉండాలె. కుదురుకుంటది."

తిమ్మమ్మ మంచం పట్టె మీద కూర్చోబోయి, కుదరక కింద కూర్చుంది. పాప తలను అరచేత్తో కాసింది. "అప్పుడు గూడ ఉండెనా ఈ జబ్బు? ముప్పై ఏండ్ల కింద?"

"ఎప్పుడైన ఉంటదమ్మా. పేరే మనకు తెల్వదు."

 బయట విస్తళ్ళు వేస్తున్న చప్పుడు వినబడుతోంది. తిమ్మమ్మ ఎవరి ముఖమూ చూడకుండా మాట్లాడింది. "నరేందర్ కంటె ముందు నాకొక పిల్ల పుట్టింది. మల్దకల్‌ల, మా అమ్మగారింట్ల. మీకెవలకు తెల్వదు. నాకు గూడ ఏం అనిపియ్యకపోయేది. అది పాలకేడుస్తుంటే పక్కింట్ల ఎవలి పిల్లనో ఏడుస్తున్నట్టుండేది. మా అమ్మకు చెప్పిన. నిద్ర సాలక గట్లనే ఉంటది అన్నది. మా వదినెకు చెప్పిన. కొత్త గదా, అలవాటైతది అని నవ్వింది. ఇంకెవలకు చెప్పాలె? ఏమని చెప్పాలె? నాకే తెల్వకపోయె అదేందో."

విజయమ్మ ఏడుపు ఆగిపోయింది.

"నలభయ్యో దినం అందరు చేనుకు పోయిన్రు. ఒచ్చేసరికి పిల్ల నీళ్ళ గోలెంల ఉంది. గోలెంల వడి సచ్చిపోయిందని ఊరంత చెప్పిన్రు. నన్ను సూసి పాపమన్నరు. అన్నం తినిపిచ్చిన్రు." తిమ్మమ్మ ఇప్పుడు తలెత్తి విజయమ్మ వైపు చూసింది. "నలభై దినాల పిల్ల వదినె. మెడ గూడ నిలవదు. గోలెం దాక ఎట్ల పోతది? ఒక్కలన్న అడిగిన్రా నన్ను? ముప్పై ఒక్క ఏండ్ల సంది సూస్తున్న, ఎవలన్న అడుగుతరేమోనని."

విజయమ్మ గోడకు చేరగిలబడింది.  మూడేళ్ళుగా తాను గర్వమనుకున్న ఆ ముఖాన్ని చూసింది. చూడలేక తల దించుకుంది. పావని కొంగు నోట్లో కుక్కుకుంది. మానస మంచం మీది నుంచి దిగి వచ్చి అత్త పక్కన కూర్చుంది. ఇరవై రోజులుగా తడవని ఆ కళ్ళలోంచి నీళ్ళు బొటబొటా కారుతున్నాయి.

తలుపు ఎప్పుడు తెరుచుకుందో ఎవరూ చూడలేదు. భోజనాలకు పిలవడానికి వచ్చిన నరేందర్ గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఎంత విన్నాడో, అంతా విన్నాడని అతని ముఖమే చెబుతోంది.  

"నాకు అక్క ఉండెనా అమ్మా?" అన్నాడు. "ఏం పేరు?"

"పేరు పెట్టలే బిడ్డా" అన్నది తిమ్మమ్మ. "ఇరవై ఒకటో దినం నేను ఎత్తుకోనంటె, మల్ల జేద్దమని ఆపిన్రు."

నరేందర్ వచ్చి తల్లి ముందు మోకాళ్ళ మీద కూలబడ్డాడు. ఆమె పాపను అతని చేతుల్లో పెట్టింది. మానస చెయ్యి పట్టుకుని లేపి, తాను లేచింది. "అన్నాలు మల్ల తిందం. ఆటో పిలువు వదినె" అన్నది.

విజయమ్మ చెప్పులు కూడా వేసుకోకుండా బయటికి ఉరికింది. విస్తళ్ళ ముందు కూర్చున్న ఆడవాళ్ళు ఏమైందీ ఏమైందీ అని అడుగుతుంటే, కూతురికి ఏం జబ్బో, ఏ డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోతున్నారో అందరికీ వినబడేలా చెప్పుకుంటూనే పోయి, రోడ్డు మీద వస్తున్న ఆటోకు అడ్డంగా నిలబడింది.